వాన వెలిసేదాకా

వానాకాలంలో నలుగురు మిత్రులు కలిసిన చోట ఎప్పుడు లేవాలన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. మిగతా కాలాల్లో మన కలయికలన్నీ ముందే కొలిచి పెట్టుకున్నవి. అయిదింటికి కలుద్దాం, ఏడింటికి బయల్దేరదాం, దారిలో కూరలు కొనుక్కోవాలి, పొద్దున్నే లేవాలి. కబుర్లు సగంలో ఉండగానే ఒకరు గడియారం చూస్తారు, ఇంకొకరు ఫోన్ చూస్తారు, మూడోవాళ్లు చెప్పులు వెతుక్కుంటారు. వాన పడుతుంటే అది సాగదు. లేవబోయినవాళ్లు గుమ్మం దాకా వెళ్లి, ఆకాశం కేసి చూసి, మళ్లీ వచ్చి కూర్చుంటారు. ఆ రెండోసారి కూర్చోవడం ఉందే, అదంటే నాకు ప్రాణం. మొదటిసారి కూర్చున్నప్పుడు మాట్లాడుకోవలసినవి మాట్లాడుకుంటాం. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, ఇంటి అద్దెలు. రెండోసారి కూర్చున్నాకే అసలు మాటలు మొదలవుతాయి.

ఏళ్ల తరబడి హైదరాబాదు వానల్లో మిత్రులతో తిరిగి, తిని, నాటకాలు చూసిన మీదట నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. స్నేహం నిలవడానికి అభిమానం ఒక్కటే చాలదు. ఏ పద్దులోనూ రాసుకోని కాలం కొంత కావాలి. అలాంటి కాలాన్ని మనంతట మనం ఎవరికీ ఇవ్వలేకపోతున్నాం. ఎంత దగ్గరివాళ్లయినా సరే, మన సాయంత్రంలోంచి ఇంత అని తీసి ఇస్తాం. వాన వచ్చి ఆ లెక్క చెరిపేస్తుంది. అందుకే వానాకాలాన్ని నేను స్నేహాల కాలం అంటాను.

వానను ఒంటరిగా చూడటంలో ఉన్న సుఖం నాకు తెలియనిది కాదు. కిటికీ పక్కన కుర్చీ, చేతిలో పుస్తకం, వేడి కాఫీ. మన సాహిత్యం కూడా ఆ ఒంటరి వానకే పెద్దపీట వేసింది. ఆషాఢం మొదట్లో కొండను ఆనుకున్న మబ్బును చూసిన కాళిదాసు యక్షుడి దగ్గర్నుంచీ, వాన చూసి దూరాన ఉన్నవాళ్లను తలుచుకున్నవాళ్లతో మన కావ్యాలు నిండిపోయాయి. యక్షుడు రామగిరిలో ఒక్కడే ఉన్నాడు కనుకనే మేఘంతో మాట్లాడుకున్నాడు. పక్కన ఒక్క మిత్రుడున్నా తన గోడు అతనికే చెప్పుకునేవాడని నాకనిపిస్తుంది. ఒంటరిగా చూసే వాన మనల్ని పాత రోజుల్లోకి తీసుకుపోతుంది. నలుగురితో కలిసి చూసే వాన ఈ పూటలోనే ఉంచుతుంది. వయసు పైబడేకొద్దీ పాత రోజులు వాటంతట అవే వస్తాయి, వాటికి వాన అక్కర్లేదు. ఈ పూటలో నిలబడటానికే తోడు కావాలి.

అందుకే మేఘదూతం మీద ఎంత గౌరవం ఉన్నా, వాన అనగానే నా మనసు శూద్రకుడి మృచ్ఛకటికం వైపు పోతుంది. అయిదో అంకం. ఉజ్జయిని మీద ఆకాశం నల్లబడింది. ఉరుములు, మెరుపులు, కుండపోత. ఆ వానలో వసంతసేన చారుదత్తుడి ఇంటికి బయల్దేరుతుంది. ఆమె సంపన్నురాలు. వాన తగ్గాక రేపు వెళ్లవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. చారుదత్తుడు ఉన్నదంతా దానధర్మాలకు ఖర్చుపెట్టి పేదవాడైన మనిషి. కలిగిన రోజుల్లో ఇంటినిండా ఉన్నవాళ్లు ఇప్పుడు లేరు. మిత్రుడు మైత్రేయుడొక్కడే అంటిపెట్టుకుని ఉన్నాడు. అలాంటి గుమ్మంలోకి వానలో తడుస్తూ ఒక మనిషి వచ్చి నిలబడితే, ఆ రాకకు ఉండే విలువ ఎండ కాసే రోజున రాదు. వాన తగ్గలేదు, ఆమె ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. మర్నాడు చారుదత్తుడి చిన్న కొడుకు మట్టిబండి వద్దు, బంగారు బండి కావాలని ఏడుస్తుంటే, వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నింపింది. నాటకానికి ఆ పేరు వచ్చింది ఆ ఘట్టం వల్లే. ఆ రాత్రి వాన తొందరగా వెలిసి ఉంటే ఆమె ఇంటికి వెళ్లిపోయేది, ఆ పసివాడి ఏడుపు వినేదే కాదు. మనుషులు ఒకరింట్లో ఒకరు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువసేపు ఉండిపోతే ఏం జరుగుతుందో అంతకన్నా బాగా చెప్పిన రచన నేను ఎరగను.

వానకు తిరుగుడు ఆపి ఒకచోట కలిసి ఉండటం మన నేల మీద చాలా పాత అలవాటు. తొలి ఏకాదశితో మొదలయ్యే చాతుర్మాస్యంలో సన్యాసులు సంచారం మాని ఒక ఊళ్లో నిలుస్తారు. బౌద్ధ భిక్షువులకు మూడు నెలల వర్షావాసం. వానకు మొలిచిన పైరునూ, నేలమీద పాకే చిన్న ప్రాణులనూ తొక్కకూడదని ఆ నియమం వచ్చింది. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రపు దారిలో తొట్లకొండ ఎక్కితే, వాననీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పక్కనే భిక్షువులు ఉన్న గదుల పునాదులు. ఏడాదంతా తలో దారినా తిరిగినవాళ్లు వానకు ఆ కొండమీద చేరి, ఆ తొట్లలో నీళ్లే తాగి, కలిసి కాలం గడిపారు. వర్షావాసం ముగిసే రోజున ప్రవారణ అనే ఆచారం ఉంది. ప్రతి భిక్షువూ తోటివాళ్ల ముందు చేతులు జోడించి, నాలో లోపం మీరు చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి అని అడుగుతాడు. ఎంత గొప్ప ఏర్పాటు! ముందు మూడు నెలలు కలిసి ఉండాలి, ఆ తర్వాతే ఆ ప్రశ్న. కలిసి గడపని మనిషిని అలా అడగలేం. అడిగినా వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

మనం సంసారులం. మన వర్షావాసం ఒక ఆదివారానికో ఒక సాయంత్రానికో సరిపెట్టుకోవాలి. అయినా దాని ఫలం దానికి ఉంటుంది.

హైదరాబాదు వాళ్లకు నాలుగు చినుకులు పడగానే గుర్తొచ్చేవి అనంతగిరి కొండలు. వికారాబాదు పక్కన, నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. దారిలో చేవెళ్ల దగ్గర రోడ్డుకు రెండువైపులా పాత మర్రిచెట్లు. ఎండలో నీడ కోసం నాటిన ఆ చెట్లు వానాకాలంలో ఊడలన్నీ తడిసి నల్లబడి, ఆకులు మెరుస్తూ, కొమ్మలు పైన కలిసిపోయి ఉంటాయి. కారులో ఎంత కబుర్లలో ఉన్నా అక్కడికి వచ్చేసరికి అందరం అద్దాలు దించుతాం. ఆ పైన కొండల్లో మూసీ పుడుతుంది. అక్కడి నుంచి సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం మధ్య ఆ నదిని చూసి ముక్కు మూసుకునే అలవాటు పడ్డ మనకు, అది పుట్టిన కొండల్లో చెట్ల మొదళ్ల నుంచి జారే తేట నీళ్లను చూపించడానికి పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాలి.

శ్రావణంలో అనంతగిరి వెళ్తే లోయ కనిపించకపోవచ్చు. మేము వెళ్లిన ఒక ఆదివారం పది అడుగుల అవతల అంతా తెల్లటి మబ్బు. అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. రేకుల కింద నిప్పుల మీద మక్క కంకులు కాలుస్తున్న ఆవిడ మమ్మల్ని పిలిచి, తన బల్ల పక్కకు జరిపి చోటిచ్చింది. నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్దిన కంకులు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాం. మాలో ఒకామె సర్కారు బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. రేకుల చూరు నుంచి పడే నీళ్లకు మన్ను గుంటపడటం చూస్తూ, ఆమె వాళ్ల నాయన పొలానికి పదును ఎలా చూసేవాడో చెప్పడం మొదలుపెట్టింది. తొలకరి పడ్డ మర్నాడు చేనులోకి వెళ్లి మట్టిలో వేళ్లు గుచ్చి, తడి ఎంత లోతు దిగిందో చూసేవాడట. పైపైన తడిస్తే ఆగేవాడు. ఊరంతా విత్తనం వేస్తున్నా ఆగేవాడు. లోపలి దాకా దిగిందని వేలికి తెలిశాకే గింజ వేసేవాడట. ఏ లెక్కల పుస్తకంలోనూ తాను అంత ఓపికైన కొలత చూడలేదని చెప్పింది.

"ఇన్నేళ్లూ ఇవన్నీ మాకు చెప్పనే లేదేమే?" అన్నాను.

"గింతసేపు ఎన్నడన్న కూసున్నమా మనం?" అంది.

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎన్నో పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో కలుసుకున్నవాళ్లం. ఆమె చిన్నతనమంతా చేల గట్ల మీద గడిచిందని ఆ కొండమీద, ఏమీ కనిపించని ఆ మబ్బులో తెలుసుకున్నాం. లోయ కనిపించి ఉంటే ఫొటోలు తీసుకుని దిగేవాళ్లమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇక తిండి. మన వానాకాలపు తిండి మొత్తం నలుగురిని పోగుచేసే తిండే. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె. తెలంగాణలో మిర్గం అంటారు. ఆ రోజు చేప తినాలి. నగరంలో చేపల మార్కెట్లు తెల్లవారకముందే కిక్కిరిసిపోతాయి. తొలి ఏకాదశికి పేలపిండి, బెల్లం కలిపి దంచి ఇంటింటా పంచుకునేది. ఆ తర్వాత బోడకాకర వస్తుంది. కోస్తాలో ఆకాకర అంటారు. కొన్ని వారాలే దొరుకుతుంది, ధర చుక్కలనంటుతుంది, అయినా మిత్రులు వస్తున్నారంటే కొనాల్సిందే. పచ్చి మక్కలు పాలు గట్టిపడే వేళకు అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి మక్కగారెలు. అక్కడ గోదావరికి ఎర్రనీరు తగలగానే, సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే పులస. ఆ చేపను ఒక్కరు కొనుక్కుని ఒక్కరే తినడం గోదావరి జిల్లాల్లో నేను చూడలేదు. రాజమండ్రి మిత్రులు నలుగురు కలిసి కొని, సన్నటి సెగ మీద పులుసు పెట్టి, మర్నాటిదాకా ఊరనిచ్చి అప్పుడు పిలుస్తారు. పులస పులుసు వండిన రోజుకన్నా మర్నాడు బాగుంటుంది. రాత్రి పడుకుని పొద్దున తినవలసిన వంట అది. అంటే అతిథి ఒక రాత్రి ఉండి తీరాలన్నమాట.

మిరపకాయ బజ్జీది ఇంకో రకం పట్టుదల. అది మర్నాటిదాకా ఆగదు సరికదా, పావుగంట కూడా ఆగదు. బాండీలోంచి తీసిన నిమిషాన శనగపిండి పొర కరకరలాడుతూ, లోపల మిరపకాయ పొగలు కక్కుతూ ఉంటుంది. వాము, చింతపండు, పైన తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం. అదే బజ్జీని డబ్బాలో పెట్టి మూత వేసి ఊరు దాటిస్తే, దాని ఆవిరికి అదే మెత్తబడి, ఇంటికి చేరేది వేరే పదార్థం. బజ్జీ తినాలంటే పొయ్యి దగ్గర ఉండాలి. మా ఇళ్లలో వాన సాయంత్రాలు వంటింట్లోనే గడుస్తాయి. ఒకరు నిలబడి రెండు వాయిలు తీస్తారు. మూడో వాయికి ఇంకొకరు కొంగు దోపి వచ్చి, "నువ్వు జరుగు, వేడిగా తిను, నేను వేస్తా" అంటారు. ఆ జరుగు అన్న మాటలో ఎంత ప్రేమ ఉందో బల్ల చుట్టూ కూర్చుని వడ్డించుకునే విందుల్లో నాకెప్పుడూ తగల్లేదు. ఆ పూట వడ్డించేవాళ్లు, తినేవాళ్లు అని రెండు జట్లు ఉండవు.

బయట తినాలంటే నగరంలో ఇరానీ హోటల్ ఉంది. డికాక్షన్‌ను సన్నటి సెగ మీద గంటలకొద్దీ మరగనిచ్చి, పాలు విడిగా చిక్కబడేదాకా కాచి, రెండూ కప్పులో కలిపి ఇచ్చే చాయ్. పక్కన ఉస్మానియా బిస్కట్. వన్ బై టూ అని అడిగితే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసి ఇస్తారు. పాలరాయి బల్ల ముందు ఇద్దరు మనుషులు సగం సగం చాయ్‌తో వాన తగ్గేదాకా కూర్చున్నా లెమ్మనని చోట్లు అవి. ఇప్పుడు ఆ హోటళ్లు తగ్గిపోతున్నాయి. చాలాచోట్ల కుర్చీలు పోయి నిలబడి తాగే ఎత్తు బల్లలు వచ్చాయి. పోయింది కుర్చీలే అనుకోకూడదు. తక్కువ డబ్బుతో ఎక్కువసేపు కూర్చునే హక్కు కూడా వాటితో పోయింది. నగరంలో మిగిలిన ఇరానీ హోటళ్లకు మిత్రులతో వెళ్లి కూర్చోవడం ఆ హక్కును బతికించుకోవడమేనని నా నమ్మకం.

బజ్జీకీ నాటకానికీ ఒక పోలిక ఉంది. రెండూ అక్కడికక్కడే. నాటకాన్ని డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకోలేం. వీడియోలో చూసేది జరిగిపోయిన నాటకం. మన ఎదుట నటుడు ఊపిరి పీల్చుకుని మాట అందుకునే ఆ క్షణం, మనం అక్కడ ఉంటేనే ఉంది. వానలో కూడా తడుస్తూ వెళ్లవలసినవి ఈ లోకంలో కొన్నే మిగిలాయి. నాటకం వాటిలో ఒకటి.

మన దేశంలో ఆటకూ వానకూ పేచీ ఉంది, చుట్టరికమూ ఉంది. తోలుబొమ్మలాటైనా, వీధి భాగవతమైనా ఆరుబయటి వ్యవహారం. కోతలు అయ్యాక, ఆకాశం తేటపడ్డాక, జనం చేతిలో కాస్త తీరికా గాదెలో కాస్త గింజా ఉన్నప్పుడు ఆడేవారు. చినుకు పడితే తెర తడుస్తుంది, దీపం ఆరుతుంది. అది పేచీ. ఇక చుట్టరికం. వానలు మొహం చాటేసిన ఏడు ఊళ్లో విరాటపర్వం చదివించేవారు. ఆ కథ వింటే వాన వస్తుందని తెలుగువాళ్ల నమ్మకం. తిక్కన భారతం అందుకున్నదీ ఆ పర్వంతోనే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల వాళ్లు తెర వెనకనుంచి ముందుకు వచ్చి మనుషులుగా నాటకం ఆడినప్పుడు ఎంచుకున్నది కీచకవధ. అదీ విరాటపర్వ కథే. కీచకుడు కూలింది నర్తనశాలలోనే. కథను చదివించి వానను పిలిచే పర్వం నుంచే మన కుటుంబ నాటక సమాజం పుట్టిందని తెలిసినప్పుడు నా ఒళ్లు పులకరించింది.

ఆ సురభి వాళ్లు ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లతోనే వేయించారు. పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తిరిగారు. వంటా, కాపురమూ, నాటకమూ ఒకే డేరా కింద. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వచ్చే ఘట్టం చూడాలంటే పక్కన పిల్లలుండాలి. పిల్లలు లేకపోతే మిత్రులుండాలి. ఆ లడ్డూ ఎగరగానే పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంటాం, తెలియకుండానే. ఒక్కళ్లం చూస్తే ఆ ఆశ్చర్యాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రంగస్థలం మీదికి కప్పు వచ్చాక వానాకాలం కూడా నాటకాల కాలమైంది. కన్యాశుల్కం మొట్టమొదట ప్రదర్శించినది 1892 ఆగస్టు 13న, విజయనగరంలో, జగన్నాథ విలాసినీ సభ వారు. తెలుగు నాటకానికి తలమానికమైన రచన నడి వానాకాలంలో వేదిక ఎక్కిందన్నమాట. నాటకశాల కొండగుహ లాగా ఉండాలని భరతుడి నాట్యశాస్త్రం చెబుతుంది. గాలి అటూ ఇటూ దూసుకుపోకుండా, గొంతు గంభీరంగా పలికేలా కట్టాలని. వాన పడే రాత్రి మంచి నాటకశాలలో కూర్చుంటే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. బయట ఆకాశం విరిగిపడుతున్నా లోపల మనిషి గొంతు ఒక్కటే ఉంటుంది.

రవీంద్రభారతి అలాంటి గుహే. విశ్వకవి శతజయంతి సందర్భంగా కట్టి, 1961లో తెరిచిన ఆ భవనంలో నేను చూసిన నాటకాలన్నిట్లోకీ వానరోజు చూసినవే ఎక్కువ గుర్తున్నాయి. హైదరాబాదు వాన తరచు సాయంత్రమే వస్తుంది. పగలంతా ఉక్కపోసి, ఆఫీసులు వదిలే వేళకు విరుచుకుపడుతుంది. నాటకం మొదలయ్యేదీ అప్పుడే. ఒక సాయంత్రం కుదించిన కన్యాశుల్కం ఆడుతున్నారు. రెండో కూర్పు పూర్తిగా ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు, అందుకే కుదిస్తారు. వాన వల్ల సగానికి పైగా కుర్చీలు ఖాళీ. తెర తీసే ముందు నిర్వాహకుడు వేదిక మీదికి వచ్చి, అక్కడక్కడా కూర్చున్న అందరినీ ముందు వరసల్లోకి రమ్మని పిలిచాడు. తడిసిన చీరలతో, మడిచిన గొడుగులతో, ఎవరో ఎరగనివాళ్లం భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం. నిండిన సభలో కన్నా ఆ రోజు నవ్వులు ఎక్కువ వినిపించాయి. వానలో వచ్చిన ప్రేక్షకుడు ఊరికే రాలేదని నటులకు తెలుసు. వాళ్లు ఒక్క మాట కూడా తేలిగ్గా వదిలెయ్యలేదు.

నాటకం అయింది, వాన అవలేదు. వరండా అంతా జనం. కాసేపటికి నటులు కూడా వచ్చి మా మధ్యే నిలబడ్డారు. వాళ్లకూ వాహనాలు దొరకలేదు. గిరీశం వేసిన మనిషి ముఖాన రంగు ఇంకా పూర్తిగా పోలేదు. మాలో ఒకరు ఆయనకు ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చారు. మాటల్లో ఆయన ఒక సంగతి చెప్పాడు. చిన్న ఊళ్లలో రేకుల షెడ్డుల్లో ఆడేటప్పుడు వాన మొదలైతే కొత్త నటుడు గొంతు పెంచుతాడట. అలా చేస్తే వానతో పోటీకి దిగినట్టే, గొంతు పోతుంది. అనుభవం ఉన్నవాడు మాటను నెమ్మదిస్తాడట. ఒక్కొక్క మాటను విడదీసి, దాని చుట్టూ చోటు వదిలి పలుకుతాడు. అప్పుడు జనమే ముందుకు వంగి వింటారట. అది నాటకానికి సంబంధించిన కిటుకు మాత్రమే అనుకోలేకపోయాను. వానలో మిత్రులం మాట్లాడుకునేటప్పుడు మేమూ అంతే. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగుతారు. అందరం కాస్త ముందుకు వంగుతాం. వినడం అనే పని, రోజూ మర్చిపోయే పని, వాన మళ్లీ నేర్పుతుంది.

ఇంత చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే ఈ సంతోషానికి అర్థం లేదు. వాన అందరికీ ఒకటి కాదు. మేము ముచ్చటపడి చూడటానికి వెళ్లే ఆ మూసీయే 1908 సెప్టెంబరు 28న పొంగి నగరంలో వేలమందిని మింగింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరద అదుపు పనులు మొదలై, 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మనం గండిపేట గేట్లు ఎత్తారట అని సరదాగా చూడటానికి వెళ్లే ఆ జలాశయం ఒక విషాదంలోంచి పుట్టింది. ఆ వరద రోజున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న ఒక చింతచెట్టు, కొమ్మలు పట్టుకుని వేలాడిన సుమారు 150 మందిని బతికించింది. ఏటా ఆ తేదీన కొందరు ఆ చెట్టు కింద చేరి వరదలో పోయినవాళ్లను తలుచుకుంటారు. ఆ కొమ్మల మీద ఎవరి పక్కన ఎవరు ఉన్నారో, ఏ కులమో, ఏ మతమో చూసుకునే వేళ కాదది. పక్కవాడికి చోటివ్వడం ఒక్కటే పని.

వానలో మన సంతోషం చూరు ఉన్నవాళ్ల సంతోషం. ఫ్లైఓవర్ల కింద బండ్లు ఆపుకుని నిలబడే కుర్రాళ్లను, వాన కురిస్తే ఆ పూట బేరం పోయే తోపుడుబండ్లవాళ్లను చూస్తూ కూడా ఆ సంగతి మరవలేం. అందుకే మా మిత్రులం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. కుండపోత కురుస్తుంటే ఎవరో తడుస్తూ తేవలసిన తిండి ఇంటికి తెప్పించం, ఇంట్లో ఉన్నదే వండుకుంటాం. భారీ వాన హెచ్చరిక ఉంటే దూరం పోం, ఎవరి ఇల్లు అందరికీ దగ్గరైతే అక్కడ చేరతాం. మామూలు వానకు మాత్రం ఏదీ రద్దు చేయం. చోటు మారుతుంది, కలుసుకోవడం మారదు. మా వాకిట్లో చూరు కింద ఆగిన మనిషి ఎవరైనా సరే, లోపలికి పిలిచి కుర్చీ వేస్తాం. వానాకాలపు మర్యాద అక్కడ మొదలవుతుందని మా అందరి మాట.

ఇంకో పద్ధతి మాలో పెద్దావిడ పెట్టింది. నాటకానికి వెళ్లేటప్పుడు ఎప్పుడూ ఒక టికెట్ ఎక్కువ కొంటాం. అది ఎవరి కోసమో కొనేటప్పుడు తెలియదు. ఒకసారి భార్య పోయి ఇంట్లోంచి కదలడం మానేసిన పక్కింటి మాస్టారు వచ్చారు. ఒకసారి కొత్తగా నగరానికి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి వచ్చింది. ఒకసారి మమ్మల్ని దింపిన ఆటో అతను, వానలో ఇంక బేరాలు రావనుకుని, మాతోపాటే లోపలికి వచ్చి చింతామణి నాటకం చివరిదాకా చూశాడు. తన తాత హార్మోనియం వాయించేవాడని తిరుగు దారిలో చెప్పాడు. ఈ వానాకాలం మీరూ మీ మిత్రులకు ఫోన్ చేయండి. మీ ఊళ్లో ఏ నాటకం ఆడుతున్నారో కనుక్కోండి. తేదీ అనుకోండి, వాన వస్తే వాయిదా వేయకండి. టికెట్లు కొనేటప్పుడు మాత్రం ఒకటి ఎక్కువ కొనండి. తోడు దొరికితే రావడానికి సిద్ధంగా ఉన్న మనిషి మీ వీధిలో తప్పకుండా ఒకరుంటారు.